అవినాశి బాట: రాయి, నూలు, మాట

కోయంబత్తూరు సీమలో అవినాశి రోడ్డు నెరుగని తెలుగు కుటుంబము లేదు. మన పిల్లలు చదివిన కళాశాలలు, మన పెద్దలు కట్టిన మిల్లులు, బంధువులను సాగనంపుటకు మనము పోవు విమానాశ్రయము, అన్నియు ఆ రోడ్డు మీదనే కలవు. దినమునకు పదిమార్లు ఆ పేరు పలుకుదుము. కాని ఆ పేరుగల ఊరిలో దిగి, ఒక పూట నిలిచి, వీథులు తిరిగి చూచినవారు మనలో అంత యెక్కువగా కానరారు. సేలము పోవు త్రోవలో అవినాశిని ప్రక్కగా దాటిపోవుటయే మనకు అలవాటైనది.

యాత్ర యనగా నేడు దూరదేశములే తలపునకు వచ్చుచున్నవి. సెలవులు వచ్చుటే ఆలస్యము, విమానమెక్కి పోయి, అచటి కోటలను, రాజభవనములను చూచి, పనివారి అంగళ్ళలో ఒక చెక్కబొమ్మయో, ఒక నేతసంచియో కొని తెచ్చి, అద్దాల బీరువాలో నుంచుట వేడుక. అది తప్పని మేము చెప్పము. అయితే అదే కన్నుతో ఇంటి ముందరి బాటను చూచినచో ఏమి కనబడును? ఈ ప్రశ్న పట్టుకొని మేము మా మనుమరాలిని వెంటబెట్టుకొని, రెండు శనివారములు అవినాశి బాటను తిరిగితిమి. చూచినది చూచినట్లు, తోచినది తోచినట్లు ఇచట వ్రాయుచున్నాము.

తెలుగువారు ఈ సీమకు వచ్చుట ఒక్కనాటి కథ కాదు. విజయనగర సామ్రాజ్యము దక్షిణమునకు విస్తరించినపుడును, 1529 ప్రాంతమున విశ్వనాథ నాయకునితో మధుర నాయకరాజుల పాలన ఆరంభమైన తరువాతను, సైనికులు, రైతులు, నేతవారు, వర్తకులు తరతరములుగా ఇటు సాగి వచ్చిరి. సేద్యము తెలిసినవారు నల్లరేగడి నేలలను వెదకికొనిరి. నేత తెలిసినవారు ప్రత్తి దొరకుచోట మగ్గము దించుకొనిరి. 2011 జనగణన ప్రకారము తమిళనాడులో తెలుగును మాతృభాషగా చెప్పుకొన్నవారు సుమారు 42 లక్షలు. అనగా నూటికి ఆరుగురికంటె కొంచెము తక్కువ. ఇంటిలో తెలుగు, వీథిలో తమిళము, బడిలో తమిళమును ఇంగ్లీషును. ఇది మన సంసారము. తమిళము మనకు పరాయి కాదు. అది మనకు అన్నము పెట్టిన భాష, మన పిల్లలు పాటలు పాడుకొను భాష. ఈ మాట ముందుగా చెప్పి, తరువాత తక్కినది చెప్పుట న్యాయము.

బాట యొక్క నగరపు కొసనుండి మొదలు పెట్టుదము. 2025 అక్టోబరులో ఉప్పిలిపాళయము మొదలు గోల్డ్‌విన్స్ వరకు పది కిలోమీటర్లకు పైబడిన పైవంతెన ఈ రోడ్డు మీద తెరువబడినది. దానికి జి.డి. నాయుడుగారి పేరు పెట్టిరి. పైవంతెన మీద పోవువారు కొద్ది నిమిషములలో నగరమును దాటిపోదురు. మేము క్రింది దారినే పోతిమి; చూడవలసినవి క్రింది దారిలోనే కలవు.

జి.డి. నాయుడుగారు 1893లో కలంగల్ గ్రామమున తెలుగు మాటలాడు రైతుకుటుంబములో జన్మించిరి. బడి చదువు వారికి అంటలేదు. ఒక తెల్లదొర మోటారు సైకిలు మీద పోవుట చూచి, దానిపై మనసుపడి, కోయంబత్తూరు చేరి, హోటలులో పనిచేసి, డబ్బు కూడబెట్టి అట్టి బండినే కొనిరి. కొన్నవారు ఎక్కి తిరుగుదురు. వీరు దానిని మరమరగా విప్పి, మరల కూర్చిరి. 1920లో పొళ్ళాచి, పళని ఊళ్ళ నడుమ ఒక బస్సును తామే నడిపిరి. ఆ ఒక్క బస్సునుండి పెద్ద రవాణా సంస్థ పెరిగినది. 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి భారతదేశమున తయారైన తొలి విద్యుత్ మోటారును వెలువరించిరి. 1974లో వారు గతించిరి. వారు సేకరించిన యంత్రములు, వారు కల్పించిన వస్తువులు అవినాశి రోడ్డు మీది ప్రదర్శనశాలలో నేటికిని చూడవచ్చును.

పిల్లల పుస్తకములలో వారిని శాస్త్రజ్ఞుడని వ్రాయుదురు. ఆ ప్రదర్శనశాలలో నిలిచినపుడు మాకు వేరొక మాట తోచినది. వారు మొదట పనివారు. కమ్మరి కొలిమి దగ్గర, వడ్రంగి దూగోడ దగ్గర కూర్చున్నవానికి ఏ బుద్ధి యుండునో, వస్తువును చేతిలోనికి తీసికొని విప్పి చూచినగాని తృప్తిలేని బుద్ధి, అదియే వారిది. మన సీమలో యంత్రపరిశ్రమ యంతయు అట్టి చేతులనుండి పుట్టినది.

అదే దారిలో 1910లో జి. కుప్పుస్వామి నాయుడుగారు స్థాపించిన లక్ష్మీ మిల్లుల ఆవరణ కలదు. ఒకప్పుడు దూదిదుమ్ముతో, కదుళ్ళ మ్రోతతో నిండిన ఆ చోట నేడు అంగళ్ళు, ఫలహారశాలలు వెలసినవి. ఇంకను ముందునకు పోయిన పీళమేడు. అచట పి.ఎస్. గోవిందస్వామి నాయుడుగారి నలుగురు కుమారులు ఆస్తి పంచుకొనునపుడు, దానిని నాలుగు భాగములుగా గాక అయిదు భాగములుగా చేసి, అయిదవ భాగమును ధర్మమునకు విడిచిరి. 1926లో ఏర్పడిన ఆ ధర్మసంస్థయే నేటి పి.ఎస్.జి. విద్యాలయములకు, ఆసుపత్రికి మూలము. కోటగోడలు, బురుజులు లేకున్నను ఇవియు చారిత్రక స్థలములే. ఈ కథను మా మనుమరాలికి చెప్పగా, "అయిదో తమ్ముడు ఎవరు తాతా?" అని అడిగినది. "ఊరే అయిదో తమ్ముడు" అని చెప్పితిమి.

కోయంబత్తూరునుండి అవినాశి సుమారు 40 కిలోమీటర్లు. నగరము సన్నగిల్లినకొలది దారికి ఇరువైపుల మిల్లులు, గోదాములు, నడుమ నడుమ చోళపు చేలు. కరుమత్తంపట్టి, సోమనూరు వైపు తిరిగిన మరమగ్గముల చప్పుడు వీథి మొదటనే వినవచ్చును. ఆ చప్పుడులో ఇంటివారు ఒకరితోనొకరు మాటలాడుకొనుటకు గొంతెత్తవలెను.

అవినాశిలో ప్రధానమైనది అవినాశిలింగేశ్వరుని ఆలయము. అమ్మవారు కరుణాంబిక. ఈ ఊరికి పూర్వనామము తిరుప్పుక్కొళియూరు. శైవనాయనార్ల పాటలు పొందిన కొంగుసీమ స్థలములు ఏడింటిలో ఇది యొకటి. కాశితో సమానమని జనుల నమ్మకము. ఆలయములోని కాశితీర్థమను బావికి గంగనుండి ఊట వచ్చునని చెప్పుదురు. కాశికి పోలేని పెద్దలు ఇచట స్నానమాడి మనసు నింపుకొనుట మన యిండ్లలోను ఉన్నదే. చిత్తిరై మాసమున జరుగు రథోత్సవమునకు చుట్టుప్రక్కల ఊళ్ళన్నియు కదలివచ్చును. ఆ రథము తమిళనాటి పెద్ద రథములలో నొకటి.

ఈ స్థలమునకు సంబంధించిన గాథ సుందరమూర్తి నాయనారుది. ఆయన ఈ ఊరికి వచ్చినపుడు ఒక వీథిలో ఎదురెదురుగా రెండిండ్లు కనబడెను. ఒక యింట మంగళవాద్యములు, మరియొక యింట ఏడ్పు. కారణమడుగగా చెప్పిరి: అయిదేండ్ల బాలురు ఇద్దరు చెరువులో స్నానమునకు దిగగా ఒకనిని మొసలి మ్రింగినది, బ్రతికినవానికి ఆనాడు ఉపనయనము, పోయినవాని తల్లిదండ్రులు తమ బిడ్డయు ఉండినచో ఈనాడు వానికిని ఉపనయనము చేసియుందుము గదా యని విలపించుచున్నారు. సుందరమూర్తి చెరువు గట్టున నిలిచి శివుని పాడగా, ఎండిన చెరువులో నీరు నిండి, మొసలి వచ్చి బాలుని ఒడ్డున విడిచెను. ఆలయమునందు మొసలి నోటినుండి వెలువడు బాలుని శిల్పము కలదు. ఊరిలోని పిల్లలకు దేవునికంటె ముందు ఆ మొసలియే పరిచయమగును.

ఆ కథలో మా మనసున నిలిచినది ఒక చిన్న విశేషము. తిరిగివచ్చిన బాలుడు అయిదేండ్లవాడుగా రాలేదు. మొసలి కడుపులో గడచిన ఏండ్లను కూడ కలుపుకొని, తన తోటివాని ఈడుకు పెరిగి వచ్చెను. అనగా పోయినదానిని పిలుచుటే గాక, పోయిన కాలమును కూడ తిరిగి ఇచ్చుట. దేవుడు చేసిన పని గనుక అది సాధ్యమైనది. మనుష్యులు పోగొట్టుకొన్నది అట్లు తిరిగిరాదు. వచ్చినను తప్పటడుగులతోనే వచ్చును. అవినాశి యనగా నశింపనిది. ఏది నశింపదు? ఆలయపు రాయియా, రాతిలోని రూపమా, రూపమును తీర్చు చేతివిద్యయా? ఈ ప్రశ్నను వెంటబెట్టుకొని మేము తిరుమురుగన్‌పూండికి పోతిమి.

తిరుమురుగన్‌పూండి అవినాశికి అయిదారు కిలోమీటర్ల దూరమున, తిరుప్పూరు పోవు దారిలో కలదు. అదియు పాట పొందిన స్థలమే. చేరమాన్ పెరుమాళ్ ఇచ్చిన కానుకలతో సుందరమూర్తి వచ్చుచుండగా, శివుడే తన భూతగణములను వేటగాండ్రుగా పంపి దోపించి, ఆయనచేత పాట పాడించుకొని, సొమ్ము తిరిగి ఇప్పించెనని అచటి గాథ. ఒక ఊరిలో మొసలి మ్రింగినది తిరిగివచ్చినది. ప్రక్క ఊరిలో దొంగలు దోచినది తిరిగివచ్చినది. రెండింటను తిరిగి రప్పించినది పాటయే, అనగా నోటిమాటయే.

పూండి నేడు ప్రసిద్ధమైనది శిల్పుల వలన. దారి ప్రక్కన రేకుల పందిళ్ళు. వాని ముందు సగము తీరిన వినాయకులు, నందులు, ద్వారపాలకులు. కొన్నిటికి ముఖము రాలేదు, కొన్ని రాతిలోనుండి మోకాళ్ళవరకే బయటపడినవి. మేమొక పందిటిలో చొచ్చితిమి. పెద్దశిల్పి తమిళుడు, తండ్రి తాతలనాటి పని. పిల్లను చూచి ఆయన చేతిలోని సుత్తితో రెండు రాళ్ళను మెల్లగా కొట్టి వినిపించెను. ఒకటి కంచువలె మ్రోగెను. ఒకటి మూగగా పలికెను. మ్రోగినది దేవునికి పనికివచ్చును, మూగరాయి మెట్టుకు పనికివచ్చునని చెప్పెను. శిల్పశాస్త్రములో శిలలను పురుషశిల, స్త్రీశిల, నపుంసకశిల యని మూడువిధములుగా చెప్పుట ఆ నాదమును బట్టియే. కొలతకు ముఖమే ప్రమాణము. ముఖము ఒక తాళము. దానినిబట్టి నవతాళము, దశతాళము అని దేవతామూర్తుల ఎత్తును నిర్ణయింతురు. ఆ లెక్కకు పుస్తకము తెరువనక్కరలేదు. ఆయన ఒక తాడును ముడిచి, బొగ్గుతో రాతిమీద గీతలు పెట్టి చూపెను.

మా మనుమరాలు ఒక పనిముట్టును చూపి పేరడిగెను. "ఉలి" అని ఆయన చెప్పెను. పిల్ల మా వైపు తిరిగి, "తాతా, ఇది మన మాటా, వాళ్ళ మాటా?" అని తెలుగున అడిగెను. ఇద్దరిదియు నంటిమి. సుత్తి కూడ అట్లే. శిల్పికి ఈ సంభాషణ అర్థము చెప్పగా ఆయన నవ్వి, రాతికి భాష లేదు, పనిముట్టుకు మాత్రము ఉన్నది, పనిముట్టు చేతనున్నంతకాలము పేరు మరువమని చెప్పెను.

పందిటిలో ఆయన కుమారుడు విద్యుత్ కోతయంత్రముతో రాతిని చదును చేయుచుండెను. ముక్కునకు గుడ్డ, కన్నులకు అద్దములు. అయినను తెల్లని దుమ్ము కనుబొమలవరకు పట్టియుండెను. నెలదినముల మోటుపని యంత్రము వలన కొన్ని దినములలో తీరుచున్నది గాని, ఊపిరితిత్తులకు ఈ దుమ్ము మంచిది కాదని ఆ పెద్దాయనయే చెప్పెను. ముఖము, వ్రేళ్ళు, ఆభరణములు నేటికిని చేతియులితోనే తీర్చవలెను. కన్నులు మాత్రము ఇచట సంపూర్ణముగా తెరువరు. విగ్రహము ఆలయము చేరి, ప్రతిష్ఠ సమయమున నయనోన్మీలనము జరిగినపుడే దృష్టి కలుగును. చెక్కిన చేయి ఒకటి, చూచు కన్ను మరియొకచోట. ఇన్ని నెలలు పెంచిన మూర్తి కన్ను తెరచునపుడు ప్రక్కన నిలువగలిగిన శిల్పి ధన్యుడని ఆయన అనెను. అన్ని ఊళ్ళకు పోవుటకు ఆయనకు సాధ్యము కాదు గదా.

మరుసటి శనివారము అవినాశి పరిసరముననే ఒక పల్లెకు, మగ్గముల వీథికి పోతిమి. కోయంబత్తూరు సీమ దేవాంగులలో కన్నడము మాటలాడువారును, తెలుగు మాటలాడువారును కలరు. మేము పోయిన యింట గోడకు చౌడేశ్వరీ అమ్మవారి పటము, నేలలో గుంటమగ్గము, గుంటలో కాళ్ళు దించుకొని డెబ్బదియేండ్లు దాటిన పెద్దాయన, వాకిట రాట్నము ముందు ఆయన భార్య కండెలు చుట్టుచుండెను. మగ్గము మీద కోవై కోరా కాటన్ చీర: పట్టుదారమును నూలుదారమును కలిపి నేయు ఈ చీరకు భౌగోళిక గుర్తింపు లభించియున్నది. మేము తెలుగున పలుకరింపగనే ఆయన చేయి ఆగెను.

"రాండి, లోపలికి రాండి. మీరూ మనవాళ్ళేనా?" అనెను. "మాది తెలుగే సామీ. మాట్లాడేది వస్తాది, చదివేది రాదు."

మనుమరాలికి మగ్గము చూపుమని కోరితిమి. ఆయన ఒక్కొక్క భాగమును ముట్టుకొని చెప్పసాగెను. పొడవునకు చుట్టిన దారములను చూపి, "ఇది పావు" అనెను. అడ్డముగా పోవుదానిని "ఊడై" అనెను. రెండును తమిళపు మాటలే. ఇంతలో రాట్నము దగ్గరనుండి ఆయన భార్య తల యెత్తి, "పడుగు, పేక అని చెప్పవా? పిల్ల తెలుగులో కదా అడుగుతుండాది" అని అందుకొనెను. పెద్దాయన ఒక్క క్షణము ఊరకుండి, తరువాత మెల్లగా చెప్పెను.

"అవును. మా అమ్మ ఉండేంతవరకు పడుగు, పేక అనే అంటుండె. ఎదురింటివాళ్ళు కన్నడమోళ్ళు, వాళ్ళు హాసు, హొక్కు అంటుండిరి. ఇప్పుడు నూలు ఇచ్చేవాళ్ళు తమిళంలో అడుగుతారు, చీర తీసుకొనేవాళ్ళు తమిళంలో అడుగుతారు. పావు, ఊడై అంటే పని అయిపోతాది. రెండో మాట ఎవరికి కావాల?"

ఒకే వీథిలో ఒకే దారమునకు మూడు భాషలలో మూడు పేర్లుండెను. నేడు ఒక్క పేరు మిగిలినది. ఎవరును ఎవరి మాటను నిషేధింపలేదు. ఎవరును ఎవరితోను కలహింపలేదు. రెండవ మాటతో పని లేకపోయినది, అంతియే.

తరువాత ఆయన పిల్లను దగ్గరకు పిలిచి, "ఇట్ల రా తల్లీ, ఈ తాడు పట్టుకొని లాగు" అనెను. లాగగనే నాడె ఈ కొసనుండి ఆ కొసకు ఉరికెను. "అది నాడె. చేప మాదిరి లేదా?" అని ఆయన అనగా పిల్ల కిలకిల నవ్వి, నాలుగైదు మార్లు లాగినది. ఆ నాలుగైదు పోగులు చీరలో కొంచెము వదులుగా పడినవని ఆయన చూపి, విప్పక అట్లే యుంచెను. అచ్చు, ఆసు, కండె, పుంజము అను మాటలను భార్యాభర్తలు ఒకరికొకరు అందించుకొనుచు జ్ఞాపకము చేసికొనిరి. కొన్నిటికి ఇద్దరును ఆలోచింపవలసి వచ్చెను.

ఆమె మా ఇంటివారితో, "మా మనుమడికి ఈ మాటలు చెప్తే నవ్వుతాడక్కా. వాడు తిరుప్పూరులో బనియన్ కంపెనీకి పోతాడు. వారానికి జీతం వస్తాది. ఈ గుంటలో కూర్చోమని వాణ్ణి ఎట్ల చెప్పేది?" అనెను. ఆమె అడిగినది న్యాయమైన ప్రశ్న. ఇద్దరు కూర్చున్నగాని చీర తెగదు. ఆ కూలితో ఇద్దరికి గడవదు. మగ్గము విడిచినవానిని నిందించు హక్కు మగ్గముపై కూర్చొననివారికి లేదు.

తిరుప్పూరు అచటికి దగ్గరనే. బనియన్లకు, అల్లిక బట్టలకు లోకప్రసిద్ధమైన ఆ పట్టణము ఒకప్పుడు ఖద్దరునకును పెద్ద కేంద్రమై యుండెను. 1932 జనవరిలో జెండా చేతబట్టి ఊరేగుచు పోలీసుల దెబ్బలకు నేలకొరగిన తిరుప్పూరు కుమరన్ చెన్నిమలైలో నేతవారి యింట పుట్టినవాడు. పడిపోయినను చేతిలోని జెండాను విడువలేదని ఆయనను నేటికిని కొనియాడుదురు. ఆయన స్మారకము ముందు నిలిచినపుడు పిల్లకు మేము చెప్పినది ఇది: ఆ జెండా గుడ్డను ఎవరో వడికిరి, ఎవరో నేసిరి, వారి పేర్లు ఏ రాతిమీదను లేవు.

పని మారినచో పలుకు పోవలసినదేనా? ఈ ప్రశ్నకు రెండు ఉదాహరణములు మాకు తోచినవి. ఒకటి దగ్గరది, ఒకటి దూరపుది.

దగ్గరది మధుర. 1623 మొదలు 1659 వరకు ఏలిన తిరుమల నాయకుని మహలు చుట్టు సౌరాష్ట్రులు నివసింతురు. వారు గుజరాతు సీమనుండి బయలుదేరి, విజయనగరపు నేలల మీదుగా వచ్చి మధురలో స్థిరపడిన నేతవారు. వారి పలుకులో తెలుగు మాటలు అనేకము కలిసియున్నవి. అవి వారి ప్రయాణపు గుర్తులు. ఇన్ని శతాబ్దములు గడచినను, చుట్టు తమిళమేయైనను, నేడు వారిలో అనేకులు మగ్గము విడిచి ఉద్యోగములకు పోయినను, ఇంటిలో సౌరాష్ట్రమే మాటలాడుకొందురు. వారి సుంగుడి చీర ఎట్లు నిలిచినదో, వారి మాటయు అట్లే నిలిచినది. అదే మధురలో తిరుమల నాయకుడు వసంతోత్సవమునకై కట్టించిన పుదుమండపము కలదు. నాయకరాజుల నిలువు ప్రతిమలున్న ఆ స్తంభముల నడుమ ఎన్నో ఏండ్లు దర్జీలు కుట్టుయంత్రములు త్రొక్కుచుండిరి. గాజులవారు, పాత్రలవారు కొట్లు పెట్టుకొనియుండిరి. ఇటీవలి సంవత్సరములలో ఆ అంగళ్ళను కున్నత్తూరు చత్రమునకు తరలించిరి. మండపము ఊపిరి పీల్చుకొన్నది, శిల్పములు కనబడుచున్నవి. దర్జీలు మరియొక చోట కుట్టుచున్నారు. చోటు మారినను చేతిపని సాగినంతకాలము నష్టము లేదు.

దూరపుది కరిబియను సముద్రము. అచటి ఫ్రెంచి ద్వీపములైన గ్వాడలూపు, మార్టినీకులకు 1850ల నుండి మన దక్షిణదేశపు కూలీలను ఓడలలో కొనిపోయిరి. చెరకుతోటలలో వారు పనిచేసిరి. వారి సంతతివారు నేటికిని అచట మారియమ్మ గుడులు కట్టి కొలుచుచున్నారు; కాని మాటలాడునది ఫ్రెంచి, క్రియోలు. తాతలు మాటలాడిన భాష ఇంటిమాటగా నిలువలేదు. అయితే ఒక వింత కలదు. ఆ ద్వీపములలో పండుగనాడు స్త్రీలు తలకు చుట్టుకొను, పావడాగా కట్టుకొను గళ్ళబట్ట పేరు "మద్రాసు". మన తీరమునుండి ఓడలకెక్కిన నూలుబట్ట అచట జాతీయ వేషమైనది. అట్టి గళ్ళ రుమాళ్ళ నేతకు మన చీరాలయు ప్రసిద్ధమే. గళ్ళ రుమాలు సముద్రము దాటి నిలిచినది. దాని వెనుక పోయినవారి మాట నిలువలేదు. ఎందుచేత? బట్టను వారు ప్రతి పండుగకును కట్టుకొనిరి. మాటను వాడుటకు తోటలలో వారికి తీరిక లేదు, తోడు లేదు.

మధుర సౌరాష్ట్రులకు తోడుండెను. గ్వాడలూపు కూలీలకు లేకపోయెను. మనకు తోడున్నది, తీరికయు నున్నది. కనుక మన విషయమున సాకు చెప్పుటకు వీలులేదు.

రాయి నిలుచునది రాయి యగుటచేత కాదు. ఏటేట అభిషేకము చేయువారు, పగిలినచోట పూయువారు, రథమునకు మోకు పట్టువారు ఉండుటచేతనే అవినాశి అవినాశిగా నున్నది. భాషయు అంతే. తెలుగు గొప్పదని సభలలో చెప్పుకొనుట మంచిదే. కాని పేక, కండె, నాడె, పుంజము అను మాటలు ఆ వృద్ధదంపతుల నోటనే మిగిలియున్నవి. వారు మగ్గము చాలించిననాడు ఆ మాటలకు కొంగుసీమలో ఇల్లుండదు. వ్యవసాయపు మాటలు, వంటింటి మాటలు, పెండ్లి తంతుల మాటలు, అన్నిటికిని ఇట్టి గతియే పొంచియున్నది.

కావున మన కుటుంబములకు మేము మనవి చేయునది మూడు చిన్న పనులు. ఏడాదికొక పర్యాయము పిల్లలతో ఈ బాటను తిరుగుడు. ఆలయము చూచినంతసేపు శిల్పి పందిటిలోను, మగ్గము దగ్గరను నిలువుడు. ఏదియైన కొనదలచిన పనివాని చేతినుండియే కొనుడు. చీర ధరలో బేరమాడునపుడు గుంటలోని కాళ్ళను తలచుకొనుడు. మూడవది, ఇంటి పెద్దలు జ్ఞాపకమున్న పనిమాటలను చెప్పగా పిల్లలు వ్రాసికొనవలెను. అది తెలుగు లిపిలో వ్రాసికొనవలెను.

లిపి యెందుకని కొందరడుగవచ్చును. మా మనుమరాలు ఆ రెండు శనివారములును ఒక చిన్న పుస్తకములో మాటలు వ్రాసికొన్నది. తనకు వచ్చిన తమిళ లిపిలోనే వ్రాసినది. ఇంటికి వచ్చి చదువుమనగా, గుంటమగ్గమును కుంటమక్కమని చదివినది. తమిళమున క, గ లకు ఒకే అక్షరము గదా. ఆ లిపికి అది లోపము కాదు, ఆ భాషకు అది చాలును. మనకు మాత్రము గుంట వేరు, కుంట వేరు. కుంటలో నీళ్ళుండును, గుంటలో నేతగాని కాళ్ళుండును. ఈ మాట చెప్పగా పిల్ల కొంతసేపు ఆలోచించి, గ అక్షరము ఎట్లు వ్రాయవలెనో చూపుమని అడిగినది. ఆ రాత్రి పదునాలుగు మాటలను తెలుగులో తిరిగి వ్రాసినది. ఇంకను ఇరువదియారు మిగిలియున్నవి.